సెల్లార్‌లో పొగ, సైలెన్సర్‌లో మసి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో చలికాలం కార్ల జాగ్రత్తల మీద వచ్చిన వ్యాసం చదివాను. టైర్లలో గాలి, బ్యాటరీ, వైపర్ల గురించి రాసినవి బాగానే ఉన్నాయి. ఒక్కచోట మాత్రం పంటి కింద రాయి తగిలింది. డీజిల్ కారును రోజూ పొద్దున్నే స్టార్ట్ చేసి పది నిమిషాలు అలా వదిలేస్తే ఇంజన్ బాగుంటుందని రాశారు. నేను విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో డీజిల్ బళ్ల పని చేసుకుని బతికేవాణ్ని. జనం ఆ సలహా పాటిస్తే నాకు గిరాకీ పెరుగుతుందే తప్ప తగ్గదు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఆ సలహా గాల్లోంచి పుట్టింది కాదు. అంబాసిడర్ డీజిల్, పాత జీపులు నడిచిన రోజుల్లో పొద్దున బండి లేపడమంటే పెద్ద తతంగం. హీటర్ ఎర్రబడేదాకా ఆగాలి, సెల్ఫ్ కొట్టాలి, తెల్లపొగ కక్కి దగ్గి దగ్గి లేచాక కాసేపు అలా ఉంచితేగానీ బండి కదిలేది కాదు. ఆ అలవాటు తండ్రుల నుంచి కొడుకులకు వచ్చింది. కింద ఇంజన్ మారిపోయింది, పైన అలవాటు మారలేదు.

ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ చిమ్మే ఇప్పటి కామన్ రైల్ ఇంజన్‌కి ఆ అవస్థ లేదు. తాళం ఆన్ చేయగానే మీటర్‌లో చుట్టలు తిరిగిన తీగలాంటి పసుపు గుర్తు ఒకటి వెలుగుతుంది. అది హీటర్ ప్లగ్ గుర్తు. బెజవాడ వేడికి రెప్పపాటులో ఆరిపోతుంది. జనవరిలో లంబసింగిలోనో అరకులోనో తెల్లవారుజామున అయితే కాస్త ఎక్కువసేపు ఉంటుంది. అది ఆరాక సెల్ఫ్ కొట్టాలి. బటన్ బళ్లలో ఆ ఆగడం బండే చూసుకుంటుంది, మనం బ్రేకో క్లచ్చో పూర్తిగా తొక్కి నొక్కితే చాలు.

దానికంటే ముందు హ్యాండ్ బ్రేక్ లాగి ఉందా, గేరు న్యూట్రల్‌లో ఉందా చూసుకోవాలి. రాత్రి గేర్‌లో వేసి ఆపే అలవాటు చాలామందికి ఉంది, తప్పేం లేదు, ఏటవాలు చోట అదే మంచిది కూడా. కానీ పొద్దున ఆ సంగతి మర్చిపోయి, బయట నిలబడే కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పేస్తారు కొందరు. క్లచ్ తొక్కకుండా కూడా సెల్ఫ్ తీసుకునే పాత బళ్లు ఇంకా బోలెడు ఉన్నాయి. ఒక్క గెంతు గెంతి ఎదురుగా ఉన్న గోడని గుద్దితే బంపర్‌తో పోతుంది. మధ్యలో మనిషి ఉంటే? సీట్లో కూర్చుని కాలు క్లచ్ మీద పెట్టాకే తాళం తిప్పండి. పిల్లల్ని ముందు సీట్లో వదిలి తాళం బండికే ఉంచి దిగడం కూడా ఇలాంటిదే.

స్టార్ట్ అవగానే యాక్సిలరేటర్ తొక్కి గర్రుమనిపించడం ఇంకొందరి సరదా. ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, అది తిరిగేది పల్చటి ఆయిల్ పొర మీద. రాత్రంతా ఆ ఆయిల్ కింద చాంబర్‌లోకి దిగిపోయి ఉంటుంది. అది పైకి ఎక్కకముందే రేజ్ ఇస్తే ఇనుము ఇనుముని రాసుకున్నట్టే. ఇందుకు పది నిమిషాలు అక్కర్లేదు. బెల్టు పెట్టుకుని, అద్దాలు సర్దుకునే అర నిమిషంలో ఆయిల్ చేరాల్సిన చోటికి చేరుతుంది. ఆ తర్వాత బయల్దేరి, టెంపరేచర్ ముల్లు లేచేదాకా నెమ్మదిగా, ఎక్కువ రేజ్ ఇవ్వకుండా నడపడమే ఇంజన్‌ని వేడి చేసే పద్ధతి. లోడ్ లేకుండా నిలబెట్టిన డీజిల్ ఇంజన్ ఎంతసేపైనా సరిగ్గా వేడెక్కదు. అందులో కాలీకాలని డీజిల్ మసి అవుతుంది.

సరే, ఆ పది నిమిషాలూ బండి నడిచేది ఎక్కడ? సెల్లార్‌లో. స్టిల్ట్ పార్కింగ్ అయితే నాలుగు పక్కలా గాలి ఆడుతుంది. భూమిలోకి దిగిన సెల్లార్‌లో ఆ వీలు ఉండదు. మా పటమట వైపు చాలా అపార్ట్‌మెంట్లలో సెల్లార్ అంటే కార్లు ఒక్కటే కాదు. లిఫ్ట్ పక్కనే వాచ్‌మన్ గది ఉంటుంది. భార్యాపిల్లలతో ఆ కుటుంబం వండుకునేదీ పడుకునేదీ అక్కడే. పొద్దున ఆరున్నరకి వరసగా కార్లు ‘వేడెక్కుతుంటే’ ఆ గది తలుపు సందుల్లోంచి పోయేది ఏమిటో ఎవరైనా ఆలోచించారా?

సైలెన్సర్ దారిలో ఉండి పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కితేనే పని చేస్తుంది. చల్లగా ఉన్న మొదటి కొద్ది నిమిషాలు అది ఉన్నా లేనట్టే. అంటే బండి అన్నిటికంటే చెడ్డ పొగ వదిలేది సరిగ్గా ఆ టైములోనే. అందులో కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, వికారం, మగత. కడుపులో గ్యాస్ అనుకుని ఓ మాత్ర వేసుకుని పడుకుంటారు, ఇక లేవరు. పెట్రోల్ బండితో పోలిస్తే డీజిల్ బండి ఈ వాయువు తక్కువే వదులుతుంది, నిజమే. కానీ సెల్లార్‌లో మన బండి ఒక్కటే ఉండదు కదా. పక్కన పెట్రోల్ కార్లు ఉంటాయి, కరెంటు పోతే జనరేటరు ఉంటుంది. మూసిన షట్టర్ లోపల ఏసీ వేసుకుని కార్లో పడుకుని ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్ల వార్తలు మీ పత్రికలోనే చదివాం. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చి, మొదటి వర్గంలో పెట్టింది. పొగాకూ ఆస్బెస్టాసూ ఉన్న వర్గమే అది.

ఇక ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఫిల్టర్. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 అనే కాలుష్య ప్రమాణం వచ్చింది. దానికి ముందున్న బీఎస్-4 డీజిల్ కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల మసి వదలొచ్చు, బీఎస్-6 కారు 4.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇంజన్ ట్యూనింగ్‌తో సాధ్యమయ్యే పని కాదిది. అందుకే సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే డీజిల్ పొగ ఫిల్టర్ పెట్టారు. లోపల తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ, సన్నటి గొట్టాలతో నిండి ఉంటుంది. ఒక గొట్టం ఇటు మూసి ఉంటే దాని పక్కది అటు మూసి ఉంటుంది. పొగ గోడలోంచి దూరి పక్క గొట్టంలోకి పోవాల్సిందే. మసి గోడకి అంటుకుపోతుంది.

అంటుకున్న మసిని బండి తనంతట తానే కాల్చుకోవాలి. దాన్నే రీజెన్ అంటాం. హైవే మీద బండి నిలకడగా పోతుంటే సైలెన్సర్ వేడికే కొంత కాలిపోతుంది. చాలకపోతే బండిలోని కంప్యూటర్ కొంచెం డీజిల్ ఎక్కువ కొట్టించి, ఫిల్టర్ లోపల వేడిని 600 డిగ్రీల దాకా తీసుకెళ్లి కాలుస్తుంది. దానికి పది, ఇరవై నిమిషాలు బండి ఆగకుండా నడవాలి. రోజూ నాలుగు కిలోమీటర్లు పోయి ఆపేసే బండికి ఆ అవకాశం ఎక్కడుంది?

గవర్నర్‌పేటలో క్లినిక్ ఉన్న ఒక డాక్టర్ గారి బండి సంగతి చెప్తాను. ఇల్లు పటమటలో. పెద్ద డీజిల్ బండి, మూడేళ్లది. పొద్దున వాచ్‌మన్ స్టార్ట్ చేసి ఉంచుతాడు, ఈయన టిఫిన్ తిని దిగుతారు. క్లినిక్‌కి పోయి ఆపేస్తారు, రాత్రి ఇంటికి. అంతే దాని జీవితం. మీటర్‌లో ఫిల్టర్ తాలూకు పసుపు లైటు వెలిగితే ఏదో సెన్సర్ అనుకున్నారు. దాని పక్కనే ఇంజన్ లైటు కూడా వెలిగి, పికప్ పడిపోయి, ఒకరోజు ఊరు దాటుతుంటే కనకదుర్గ వారధి మీద లారీ వాళ్లు హారన్ కొట్టి దాటిపోతుంటే అప్పుడు షోరూమ్‌కి తీసుకెళ్లారు. ఫిల్టర్ మార్చాలి, లక్ష దాటుతుంది అన్నారట. అక్కణ్నుంచి నా దగ్గరికి వచ్చారు.

బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెట్టకముందే ఆయిల్ గేజ్ లాగి చూశాను. పై గీత దాటి వేలెడు ఎత్తున ఉంది. ‘‘ఆయిల్ తగ్గకపోగా పెరిగింది కదా మేస్త్రీ, మంచిదేగా?’’ అన్నారు. ఒక చుక్క ఆయన వేలి మీద వేసి రుద్దమన్నాను. జిగురు లేదు, నీళ్లలా జారింది. ముక్కు దగ్గర పెట్టుకుని ఆయనే మొహం చిట్లించారు. డీజిల్ కంపు. ప్రతిసారీ మసి కాల్చడానికి బండి అదనంగా డీజిల్ కొట్టింది, ప్రతిసారీ ఈయన మధ్యలో ఆపేశారు. అలా కాలని డీజిల్ కొంత పిస్టన్ పక్కల నుంచి ఆయిల్‌లోకి దిగింది. అంత పల్చబడ్డ ఆయిల్‌తో బేరింగులు, టర్బో ఎంతకాలం ఉంటాయి? ఫిల్టర్ కంటే ముందు ఇంజనే పోయేది.

ఆ ఆయిల్ దించేసి, కొత్తది పోసి, ఆరుబయట పెట్టి స్కానర్‌తో రీజెన్ చేయించాం. తర్వాత మంగళగిరి మీదుగా గుంటూరు దాకా పోయి వచ్చాం. ఫిల్టర్‌లో ప్రెషర్ దిగింది, లైటు ఆరింది. అన్ని బళ్లకీ ఇంత సులువుగా అవ్వదు. మసి మరీ ఎక్కువైతే స్కానర్‌తో కాల్చడం కూడా ప్రమాదమే, వేడికి పింగాణీ పగులుతుంది. అప్పుడు ఫిల్టర్ విప్పి, దాని పని తెలిసినవాళ్ల మెషీన్ మీద కడిగించాలి. ప్రెషర్ వాటర్ కొట్టడం, పెట్రోలో థిన్నరో పోసి ఊపడం లాంటి పనులు చేసేవాళ్ల దగ్గరికి పోకండి. థిన్నర్ పోసిన ఫిల్టర్ బండికి ఎక్కించి వేడి చేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

డాక్టర్ గారిని నేను తప్పు పట్టను. అంత డబ్బు పోసి బండి కొన్న మనిషికి ఆ పసుపు లైటు ఏమిటో ఒక్కరూ చెప్పలేదు. కొనేటప్పుడు సన్‌రూఫ్ గురించి అరగంట చెప్పారట. రోజుకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు సార్ అని అడిగి ఉంటే పెట్రోల్ బండి చూసుకునేవారు. ఊళ్లోనే తిరిగేవాళ్లకి డీజిల్ బండి అంటగట్టడం నా దృష్టిలో మోసంతో సమానం. మైలేజీలో మిగిలిందంతా ఒక్క ఎస్టిమేట్‌లో పోతుంది.

ఇప్పటికే కొనుక్కున్నవాళ్లు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. వారానికోసారి, బండి వేడెక్కాక, హైవే ఎక్కి 60, 70 స్పీడ్‌లో ఇరవై నిమిషాలకు తగ్గకుండా ఒకే తీరుగా నడపండి. టాప్ గేర్‌లో ఈడ్చకుండా ఒక గేరు తగ్గించి, 2,000 ఆర్పీఎం దగ్గర ఉంచితే సైలెన్సర్ బాగా వేడెక్కుతుంది. ఏలూరు వైపైనా సరే, గుంటూరు వైపైనా సరే. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఐడ్లింగ్ మామూలు కంటే ఎక్కువ ఉందనుకోండి, కారు ఆపాక కూడా ఫ్యాన్ గట్టిగా తిరుగుతోందనుకోండి, కాలిన వాసన వస్తోందనుకోండి, రీజెన్ జరుగుతున్నట్టు. ఇంటి ముందుకి వచ్చేసినా సరే, ఇంకో రౌండు తిరిగి రండి. ఫిల్టర్ పసుపు లైటు ఒక్కటే వెలిగితే నడిపి ఆర్పొచ్చు. దానితోపాటు ఇంజన్ లైటు వెలిగినా, ఎర్ర లైటు వచ్చినా ఇక తిప్పకుండా వర్క్‌షాప్‌కి తేవాలి.

రీజెన్ నడుస్తున్న బండిని ఎండుగడ్డి మీద మాత్రం ఆపకండి. మన జిల్లాల్లో కోతలప్పుడు రోడ్ల మీద వరిగడ్డి పరుస్తారు. కింద ఫిల్టర్ డొక్కు నిప్పులా ఉంటుంది, గడ్డి తగిలితే చాలు. పొలం గట్టున చెట్టు నీడ చూసుకుని ఆపే ముందు కింద ఏముందో చూడండి.

ఆయిల్ గురించి ఒక మాట. మసి కాలిపోతుంది, బూడిద కాలదు. ఆ బూడిద వచ్చేది ఇంజన్ ఆయిల్‌లో కలిపే రసాయనాల నుంచి. అందుకే ఈ బళ్లకి తక్కువ బూడిద వచ్చే ఆయిల్ వేరేగా ఉంటుంది. మాన్యువల్‌లో ఏ గ్రేడ్ రాశారో, డబ్బా మీద అదే ఉండాలి, చాలా కార్లకి సీ2 అనో సీ3 అనో ఉంటుంది. డబ్బాకి ఐదొందలు తక్కువని లారీ ఆయిల్ పోయించుకుంటే ఫిల్టర్ ఆయుష్షు తగ్గిపోతుంది. అలాగే ఇంజెక్టర్ కారుతున్నా, టర్బో ఆయిల్ తాగుతున్నా, ఫిల్టర్ ఎన్నిసార్లు శుభ్రం చేసినా మళ్లీ మూసుకుపోతుంది. తరచూ లైటు వస్తోందంటే ఫిల్టర్‌ని తిట్టే ముందు ఇంజన్‌ని చూపించండి.

నీలం మూత ట్యాంకు ఉన్న బళ్లవాళ్లు ఇంకో గందరగోళంలో ఉన్నారు. అందులో పోసే యూరియా ద్రావణం ఫిల్టర్‌ని కడగదు, దాని పని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడం. పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే తాళం కూడా ఆన్ చేయకుండా టోయింగ్ పిలవండి.

ఇప్పుడు మా ఆటోనగర్ గురించే చెప్పాలి. తోటివాళ్లకి కోపం వస్తుందని తెలుసు. ఫిల్టర్ మూసుకుపోయిన బండికి లక్ష ఎందుకు సార్, అందులో పదో వంతు ఇవ్వండి, తీసేస్తాం అనే బేరం ఊరూరా జరుగుతోంది. డొక్కు కోసి, లోపలి పింగాణీ పగలగొట్టి, ఖాళీ డొక్కుని మళ్లీ వెల్డింగ్ పెట్టేస్తారు. ల్యాప్‌టాప్ పెట్టి కంప్యూటర్‌లో ఆ ఫిల్టర్ ఊసే లేకుండా చేస్తారు. లైటు రాదు, పికప్ బాగుంటుంది, కస్టమర్ సంతోషంగా పోతాడు. ఆ బండి వెనకాల బైక్ మీద పోయేవాడి ఊపిరితిత్తుల్లోకి పోయే మసికి మాత్రం బిల్లు ఉండదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని ఇలా ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 సవరణ తర్వాత 190వ సెక్షన్ కింద కాలుష్య ప్రమాణాలు మీరితే మూడు నెలల దాకా జైలు, పది వేల దాకా జరిమానా, లేదా రెండూ. కాగితం మీద గట్టి చట్టమే.

పట్టుకునేది ఎవరు? పెట్రోల్ బంకు పక్కన వ్యాన్‌లో చేసే పొల్యూషన్ చెక్ చూడండి. సైలెన్సర్‌లో గొట్టం పెట్టి, రేజ్ ఇచ్చి, పొగ ఎంత చిక్కగా ఉందో కొలుస్తారు. కంటికి కనిపించే నల్లపొగకి పనికొచ్చే మీటర్ అది. ఇప్పటి ఇంజన్ మంచి కండిషన్‌లో ఉంటే ఫిల్టర్ పీకేసినా ఆ పరీక్ష పాసవగలదు, ఎందుకంటే ఫిల్టర్ పట్టేది కంటికి ఆనని సన్న మసిని. బెల్జియం 2022లో, నెదర్లాండ్స్, జర్మనీ 2023లో దీనికోసం వేరే మీటర్ పెట్టాయి. బండి ఐడ్లింగ్‌లో ఉండగా సైలెన్సర్ కొసన మసి రేణువులను లెక్కపెడుతుంది. ఫిల్టర్ లేని బండి అక్కడ దాక్కోలేదు. ఆ మీటర్లు రేపే మన వ్యాన్లలోకి రావాలనే అత్యాశ నాకు లేదు. జిల్లాకి ఒకటి రవాణా శాఖ దగ్గర ఉంచి, ఓనర్‌షిప్ మారేటప్పుడు బీఎస్-6 డీజిల్ బళ్లను దాంతో చూస్తే చాలు. పీకించుకున్న బండి రేపు అమ్ముడుపోదని తెలిస్తే పీకించుకునేవాడే ఉండడు.

అప్పటిదాకా సెకండ్ హ్యాండ్ బీఎస్-6 డీజిల్ కొనేవాళ్లు నేను చేసే పనే చేయండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు తెల్ల కర్చీఫ్ వేలికి చుట్టి సైలెన్సర్ కొస లోపల తిప్పండి. ఫిల్టర్ సవ్యంగా ఉన్న బండిలో, ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగినా, బూడిదరంగు దుమ్మో కాస్త తుప్పో అంటుతుంది. కాటుకలా నల్లగా అంటిందంటే ఫిల్టర్ పగిలిందన్నా కావాలి, అసలు లేదన్నా కావాలి. అమ్మేవాడు ఎంత తగ్గించినా ఆ బండి వద్దనండి.

ఇట్లు,
ఒక డీజిల్ మేస్త్రి,
జవహర్ ఆటోనగర్, విజయవాడ